పర్సోం పోసిన నూనె

సర్వీసు సెక్షన్‌లో కొత్తగా చేరిన పిల్లలకు ముందుగా ఒక మాట చెబుతాను. చెడిపోయిన యంత్రం మనం వెళ్లేసరికి బుద్ధిగా పనిచేస్తుంది. మనం గేటు దాటగానే మళ్లీ మొండికేస్తుంది. పిలిచినవాడు అబద్ధాలకోరులాగా, మనం పనిమంతుల్లాగా కనిపిస్తాం. ఆ గర్వం తలకెక్కించుకోకండి. నాకు ఎక్కింది, అది దిగేటప్పుడు పడవ అడుగున బోర్లా పడుకుని ఉన్నాను.

మాది సముద్రం లేని ఊళ్లో సముద్రపు సామాను తయారుచేసే కంపెనీ. నేను పాతబస్తీలో, లాల్‌దర్వాజా గల్లీల్లో పుట్టి పెరిగినవాణ్ని. నీళ్లంటే మాకు నల్లా నీళ్లే, అవీ రోజు విడిచి రోజు. ఈత రాదు. అయినా ఉద్యోగమంతా ఓడలకూ రేవులకూ పోయే యంత్రాలు బాగుచేస్తూనే గడిపాను. ఎందుకంటే అవి నా బల్ల దగ్గరికే వచ్చేవి, నేను వాటి దగ్గరికి పోయే అవసరం ఉండేది కాదు. మా ఆవిడ ఎవరికి చెప్పినా "మాయన ఓడల ఇంజనీరు" అని చెప్పేది. నేను టెక్నీషియన్ని మాత్రమే, కాని బస్తీలో ఆ మాట ఎవరూ సరిదిద్దలేదు, నేను అసలే సరిదిద్దలేదు.

రిటైర్మెంటు దగ్గరపడిన చలికాలంలో మీరాలం చెరువు గట్టు మీద ఉన్న ఒక చిన్న శిక్షణ కేంద్రం నుంచి ఫిర్యాదు వచ్చింది. వాళ్ల దగ్గర ఒక చిన్న తెరచాప పడవ ఉంది. దానికి మా కంపెనీ లోతు చూపే యంత్రం ఉంది. అది పనిచేసే తీరు తేలికే. పడవ అడుగున ఒక సెన్సర్ ఉంటుంది, అది కిందికి శబ్దం పంపుతుంది. శబ్దం నేలకు తగిలి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని బట్టి ఎన్ని మీటర్ల లోతుందో తెర మీద అంకె పడుతుంది. ఒకటే షరతు. సెన్సరుకూ పడవ అడుగుకూ మధ్య గాలి ఉండకూడదు. గాలి చేరితే శబ్దం అక్కడే ఆగిపోతుంది. అందుకే పడవ లోపల అడుగుకు ఒక గొట్టం అతికించి, దాంట్లో నూనె పోసి, ఆ నూనెలో సెన్సర్‌ను ముంచి పెడతారు.

ఒక పడవ ఆగిపోతే కొంపలేం మునగవు కదా అనుకుంటూ వెళ్లాను. వెళ్లాక తెలిసింది, ఒక కొంప ఉందని.

పడవల్ని చూసుకునే భాయ్‌ది మాదన్నపేట. నా ఈడువాడే. అతని కూతురు ఆ కేంద్రంలోనే పడవ నడపడం నేర్చుకుంది. ఇరవై దాటిన పిల్ల, పలచగా, గట్టిగా మాట్లాడే రకం. అక్కడ శిక్షకురాలి ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఆమె పరీక్ష పాసైతే ఆ ఉద్యోగం ఆమెది. లేకపోతే బయటి ఊరి నుంచి ఎవరినో తెస్తారు. పరీక్ష పెట్టే అధికారి బయటినుంచి వచ్చి, ఒక పూట ఉండి, మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోతాడు. పరీక్షలో ముఖ్యమైన ఘట్టం చెరువు నడుమ రెండు గుండ్ల సందులోంచి పడవను తీసుకుపోవడం. ఆ ఏడు వానలు సరిగా లేవు. నీళ్లు తగ్గి ఆ గుండ్లు పైకి కనపడీ కనపడనట్టు ఉన్నాయి. పడవ కింద ఇనుప రెక్క ఒకటి మీటరుకు పైగా దిగి ఉంటుంది. అది రాయికి తగిలితే పడవ తిరగబడుతుంది. అందుకని లోతు చూపే యంత్రం పనిచేయకపోతే ఆ సందులోకి ఎవరినీ పోనివ్వరు. అంటే యంత్రం లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే ఉద్యోగం లేదు.

నేను వెళ్లింది మధ్యాహ్నం. కంపెనీ జీపు పొద్దున పెద్దసార్ల పిల్లల్ని బడికి దింపే రాచకార్యంలో ఉండేది, మాకు అన్నాల తర్వాతే దొరికేది. ఎండలో ట్రాలీ మీద ఉన్న పడవను నీళ్లలోకి తోసి స్విచ్ వేశాం. అంకె టక్కున వచ్చింది. మూడు పాయింట్ రెండు. కర్ర పెట్టి చూశాను, సరిపోయింది.

"బ్రహ్మాండంగ పనిచేస్తుంది గద భాయ్. ఏంది మీ లొల్లి?" అన్నాను.

"సుబే నై ఆతా సాబ్," అన్నాడు భాయ్. "పొద్దుగాల ఏస్తే అంకె రాదు, ఖాళీ గీతలే వస్తయి. ఇప్పుడు మీరొచ్చిన్రు గద, దానికి సిగ్గు, షరం అయితున్నది."

ఆ పిల్ల నవ్వలేదు. "చాచా, పరీక్ష పొద్దుగాల. అది మధ్యాహ్నం పనిచేస్తే నాకేం ఫాయిదా?"

న్యాయమైన ప్రశ్నే. నేను మాత్రం కనెక్షన్లు బిగించి, "ఇంక ఫికర్ చెయ్యకు" అని వచ్చేశాను. మర్నాడు పొద్దున మళ్లీ ఫోను. మళ్లీ గీతలే.

ఈసారి మా ఇంజనీరు కూడా వచ్చాడు. కోస్తా వైపు కుర్రాడు. నాకంటే చాలా చిన్నవాడు, నా పై అధికారి, అయినా ఏనాడూ "అండీ" లేకుండా పిలవలేదు. చలికి బ్యాటరీ నీరసిస్తోందేమో అన్నాడు, బ్యాటరీ మార్చాం. కేబుల్లో ఎక్కడో విరిగిందేమో అన్నాను, కేబుల్ మార్చాం. నేను పడవ ముక్కు దగ్గర వంగి కేబుల్ లాగుతుంటే, అతను వెనకవైపు భాయ్‌తో గొట్టం సంగతి మాట్లాడుతున్నాడు. నాకు వినపడలేదు. తిరిగి వస్తుంటే జీపులో చెప్పాడు.

"సెన్సర్ గొట్టం విప్పక్కర్లేదండీ. నూనె మొన్ననే పోశారట. సరైన నూనేనా అని కూడా అడిగాను, బరాబర్ నూనే అన్నాడు."

నేను తలూపాను. మొన్ననే నూనె పోసిన గొట్టాన్ని ఎవడు విప్పుతాడు? విప్పితే గాలి బుడగలు చేరతాయి, లేనిపోని తంటా.

ఆ మధ్యాహ్నం కూడా అంకె చక్కగా వచ్చింది. అదే నన్ను భయపెట్టింది. తప్పు దొరక్కుండా బాగైన యంత్రం బాగైనట్టు కాదు, ఆ సంగతి ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. మర్నాడే పరీక్ష. రాత్రి అన్నం సహించలేదు. ఆ పిల్ల అడిగిన ప్రశ్నే చెవిలో మోగుతోంది. పొద్దున్నే లేచి స్వెట్టరు, మఫ్లరు వేసుకుంటుంటే మా ఆవిడ అడ్డంగా నిలబడింది.

"నీళ్లల్ల దిగేటోళ్లు వాళ్లు. వణుకుడు నీకెందుకు?"

"పిలిస్తే పోవాల్నా వద్దా?"

"పిలిచిన్రా?"

పిలవలేదు. స్కూటర్ తీశాను.

చెరువు మీద ఇంకా మంచు తెర లేవలేదు. పడవ అప్పటికే నీళ్లలో ఉంది. భాయ్ దాంట్లో కూర్చుని స్విచ్ వేస్తున్నాడు, తీస్తున్నాడు. తెర మీద మూడు గీతలు. అతని పెదవులు ఏదో జపిస్తున్నట్టు కదులుతున్నాయి. ఆ పిల్ల లైఫ్‌జాకెట్ వేసుకుని గట్టు మీద నిలబడి ఉంది. ఆఫీసు గదిలో పరీక్షాధికారి చాయ్ తాగుతున్నాడు. నేవీలో చేసి వచ్చిన మనిషి, ఉత్తరాది వాడు, తెలుగు రాదు.

ఇంజనీరుకు ఫోన్ చేశాను. "నయాపూల్ దగ్గర ఇరుక్కున్నానండీ, కదలట్లేదు" అన్నాడు.

ఇంక చేసేదేముంది? పడవలోకి దిగాను. నిజం చెప్పాలంటే పాకాను. నా బరువుకు అది పక్కకు ఒరిగేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. అడుగు పలక లేపి గొట్టం దగ్గరికి చేయి పెట్టాను. మొన్న పోసిందైతేనేం, నిన్ననే పోసిందైతేనేం, ఇంక విప్పాల్సిందే. సెన్సర్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ రింగు చలికి బిగుసుకుపోయింది. కటింగ్‌ప్లేయర్‌తో పట్టి తిప్పాను. టప్‌మని రెండు ముక్కలైంది.

సెన్సర్ పైకి లాగితే దాని చుట్టూ తెల్లగా గడ్డ. గొట్టం నిండా పేరిన నెయ్యిలాగా తెల్లగా, మధ్యమధ్య పగుళ్లు, పగుళ్ల నిండా గాలి. వేలు పెట్టి వాసన చూశాను.

"ఇదేంది భాయ్?"

"తేల్."

"ఏం తేల్?"

"ఖోప్రేకా తేల్ సాబ్, కొబ్బరినూనె. అస్లీ మాల్. దుకాణంలది కాదు, గానుగల ఆడిపిచ్చి తెచ్చిన. సస్తా నూనె పోస్తే మిషిన్ ఖరాబ్ అయితదని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చలికాలం పొద్దున ఈ ఊళ్లో ఏ ఇంట్లోనైనా కొబ్బరినూనె సీసా గడ్డకట్టే ఉంటుంది. పొయ్యి పక్కన పెడితేగాని తలకు రాసుకోలేం. ఎండెక్కితే అదే కరుగుతుంది. అందుకే మధ్యాహ్నం మేము వచ్చినప్పుడల్లా యంత్రం దివ్యంగా పనిచేసింది.

"మరి మొన్న పోసినప్పుడు గడ్డకట్టలేదా?"

"మొన్న కాదు సాబ్, పర్సోం."

"పర్సోం అంటే ఎప్పుడు?"

"ఎండకాలంల. రంజాన్ అయినంక."

పాతబస్తీలో పుట్టినవాళ్లకు నేను వివరించక్కర్లేదు. బయటివాళ్లకు చెబుతున్నాను. పర్సోం అంటే నిఘంటువులో మొన్న. మా దగ్గర మాత్రం అయిపోయినదల్లా పర్సోమే. నిన్నటి గొడవా పర్సోమే, తాత పెళ్లీ పర్సోమే. భాయ్ ఇంజనీరుతో "పర్సోంచ్ డాలా సాబ్", అంటే పర్సోమే పోశాను, అని ఉంటాడు. ఆ మాట నా చెవిన పడి ఉంటే "ఏ పర్సోం?" అని అక్కడే నిలదీసేవాణ్ని. కాని కోస్తా కుర్రాడు దాన్ని తెలుగులోకి మార్చి నాకు మొన్నగా అందించాడు. వాళ్ల మొన్న అంటే మొన్నే. ముగ్గురం నిజమే చెప్పుకున్నాం, పడవ మాత్రం కదలకుండా కూర్చుంది.

భాయ్ ముఖం చూడలేకపోయాను. "నా చేతులతోని నేనే నా బిడ్డ నోట్లె మన్ను గొట్టిన సాబ్" అని నెత్తి పట్టుకున్నాడు.

"అబ్బా, లొల్లి తర్వాత," అంది ఆ పిల్ల. నా వైపు తిరిగి, "చాచా, ఇప్పుడేం చేద్దాం?"

ఆఫీసు గది నుంచి తెప్పించిన చాయ్ చెంచాతో ఆ గడ్డంతా తోడేశాను. నా మఫ్లరుతో గొట్టం తుడిచాను. మా ఆవిడకు అది ఇప్పటికీ దొంగలెత్తుకుపోయిన మఫ్లరే. నూనె లేకపోతే నీళ్లయినా పనిచేస్తాయి, కావలసింది గాలి లేకపోవడం. చెరువు నీళ్లే గొట్టంలో పోసి సెన్సర్ దించి చేత్తో అదిమి పట్టాను. అంకె పడింది. రెండు పాయింట్ ఆరు. భాయ్ "యా అల్లా" అన్నాడు.

చేయి తీశాను. గీతలు. రింగు విరిగింది కదా, సెన్సర్ దానంతట అది నిలబడదు. తాడు కట్టడానికి పట్టు లేదు, టేపు తడికి అంటదు. పరీక్ష అయ్యేదాకా ఎవరో ఒకరు లోపల పడుకుని దాన్ని పట్టుకుని ఉండాలి. అభ్యర్థి ఇంటివాళ్లు పడవలో ఉండకూడదని నియమం, కాబట్టి భాయ్ పనికిరాడు. తండ్రీకూతుళ్లిద్దరూ నన్నే చూస్తున్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు.

"చాచా, నీకు ఈత వచ్చా?" అని అడిగింది ఆ పిల్ల.

"రాదు."

"అయితే లేవకు. ఏమైనా సరే లేవకు. పండుకొనే ఉండు."

తర్వాత ఆమే వెళ్లి పరీక్షాధికారికి ఉన్న సంగతంతా హిందీలో చెప్పింది. దాచలేదు. ఆయన వచ్చి గొట్టం చూశాడు, నన్ను చూశాడు. పడవ నీది, తీసుకెళ్తావో లేదో నువ్వే చెప్పాలి అన్నాడు. తీసుకెళ్తానంది. ఆయన కూడా పడవెక్కి కూర్చున్నాడు. స్వెట్టరు మీద బిగుతైన లైఫ్‌జాకెట్ ఒకటి తొడిగి నన్ను పడుకోబెట్టారు.

ఆ ప్రయాణంలో నేను చూసిందేమీ లేదు. ముఖం ముందు తడిసిన పలక. కుడి చేయి మోచేతి దాకా కన్నంలో. తలపైన తెరచాప చప్పుడు. చెవి కింద, వేలెడు మందం లేని గోడకు అవతల, మీరాలం చెరువు. గాలి తగిలి పడవ ఒరిగినప్పుడల్లా పలకకు ఇంకా అంటుకుపోయేవాణ్ని. ఉన్న దేవుళ్లందరికీ దండం పెట్టాను. ఎడమ చేత్తోనే, కుడిది ఖాళీ లేదు.

ఆ పిల్ల నాకోసం అంకెలు తెలుగులో పైకి చదువుతోంది. "నాలుగు... నాలుగే... మూడున్నర చాచా, మంచిగున్నది." ఆ గొంతును పట్టుకునే నేను బతుకుతున్నాను. మూడు. రెండున్నర. "ఇప్పుడు గుండ్ల నడుమకు పోతున్నం. గట్టిగ పట్టు."

గట్టిగానే పట్టాను. రెండు. ఒకటి తొమ్మిది. ఒక్కసారి గాలి విసురుగా వచ్చి పడవ నా ఎడమవైపుకు బాగా ఒరిగింది. చల్లటి నీళ్లు చెంప మీద కొట్టాయి. ముక్కులోకి పోయాయి.

పడవలోకి చెరువు వచ్చేసింది అనుకున్నాను. అంతే, ఇంకేం ఆలోచన లేదు. మోకాళ్లు కూడదీసుకుని లేవబోయాను. పైనుంచి పరీక్షాధికారి ఏదో అరిచాడు. అంకె పోయిందని నాకర్థమైంది. ఇక్కడ మునిగిపోతుంటే అంకె ఎవడికి కావాలి?

"వచ్చింది చాచా!" అని అరిచింది ఆ పిల్ల. "నంబర్ వచ్చింది! గట్లనే పట్టు, కదలకు! ఒకటి ఎనిమిది... ఒకటి ఏడు... శభాష్ చాచా, నీ చేతిలనే ఉన్నది పడవ. ఒకటి ఏడు... ఒకటి తొమ్మిది..."

నా చేతిలోనే ఉన్నదట. మళ్లీ బోర్లా పడి రెండు చేతులతో సెన్సర్‌ను అదిమాను. పళ్లు కొరుక్కుంటూ, ఏడుస్తూ అదిమాను. ఏడ్చానని చెప్పుకోవడానికి ఈ వయసులో నాకు సిగ్గేమీ లేదు. ఇప్పుడో ఇంకాసేపట్లోనో రాయి తగులుతుందని ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను. తగల్లేదు.

"రెండు... రెండున్నర... దాటినం చాచా! దాటినం!"

గట్టు మీదికి నన్ను ఇద్దరు పట్టి దింపారు. భాయ్ నా తడిచేయి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. అప్పుడే వచ్చిన ఇంజనీరు ఏమైందండీ ఏమైందండీ అంటుంటే, కొబ్బరినూనె దగ్గర్నుంచి నా చేతి పట్టు దాకా పూసగుచ్చినట్టు చెప్పాను. చెబుతున్నకొద్దీ నా చేయి పెద్దదవుతూ వచ్చింది. పర్సోం దగ్గరకొచ్చేసరికి పాపం అతను తలపట్టుకున్నాడు.

ఇంతలో పరీక్షాధికారి నన్ను పక్కకు పిలిచాడు. చేతిలో కాగితం ఉంది, ఇంకా ఏమీ రాయలేదు. హిందీలో అడిగాడు.

"గుండ్ల మధ్య తెర ఖాళీ అయింది. సందు దాటేదాకా ఖాళీగానే ఉంది. ఆ అమ్మాయి మాత్రం ఏదో చెబుతూనే ఉంది. మీతో ఏం చెప్పింది?"

నాకు అప్పుడు వెలిగింది. గొట్టానికి మూత లేదు. పడవ ఒరిగింది. గొట్టంలో నేను పోసిన నీళ్లే ఒలికి నా ముఖాన పడ్డాయి. చెరువూ లేదు, వరదా లేదు. నీళ్లు పోయిన గొట్టంలో సెన్సర్‌ను రెండు చేతులతో కాదు, నలుగురు పహిల్వాన్లు కూర్చుని నొక్కినా అంకె రాదు. ఉద్యోగమంతా అదే పని చేసినవాణ్ని, నాకు తెలియదా? ఆ క్షణంలో తెలియలేదు.

ఇప్పుడు ఈయనకు ఏం చెప్పాలి? లేని లోతులు చదివిందని చెబితే? తప్పుడు అంకెలు చెప్పిన మనిషికి పడవ అప్పజెబుతారా? ఆయన కలం తీసి నా జవాబు కోసం చూస్తున్నాడు. దూరంగా భాయ్ మమ్మల్నే చూస్తూ గడ్డం నిమురుకుంటున్నాడు. చెరువులో పట్టిన భయం కంటే పెద్దది ఇక్కడ గట్టి నేల మీద పట్టుకుంది.

"డరో మత్ బోలీ సాబ్," అన్నాను. "లేవొద్దంది. భయపడొద్దంది."

ఆయన నమ్మాడో లేదో దేవుడికెరుక. "తెరచాప వదులు చేసి, వేగం తగ్గించి, మధ్యలోంచి నిదానంగా తీసుకొచ్చింది. నేనైనా అదే చేసేవాణ్ని," అని కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టాడు. భాయ్ పరుగెత్తుకొచ్చాడు.

ఆ హడావుడిలో ఆ పిల్ల పడవ దగ్గర ఒంటరిగా తాడు కడుతోంది. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"నంబర్ నిజంగ వచ్చిందా బిడ్డా?"

"రాలేదు చాచా."

"మరి ఒకటి ఎనిమిది, ఒకటి ఏడు అంటివి?"

"నువ్వు లేస్తుంటివి. లేస్తే పడవ నీ దిక్కు ఇంకా ఒరుగుతది. గుండు ఆ దిక్కే ఉన్నది."

"లోతు తెల్వకుండనే తీసుకపోయినవా? నీకు భయం కాలేదా?"

"మస్తయింది. ఇద్దరం భయపడితే పడవ ఎవరు నడుపుతరు?" అని లైఫ్‌జాకెట్ విప్పబోయింది. బకిల్ రావడం లేదు. అప్పుడు చూశాను ఆమె వేళ్లు. ఒక్కటీ మాట వినడం లేదు. నేను సాయం పట్టాను. నా చేయి కూడా వణుకుతోంది కాబట్టి, ఆ ఒక్క బకిల్ తీయడానికి మా ఇద్దరికీ చాలాసేపు పట్టింది.